చెల్లెలి కాళ్లు నేల వదిలాయి

శనివారం రాత్రి, గార్లదిన్నె

ఈ రోజు సాఫ్ట్‌బాల్ సెమీఫైనల్‌కు నేనే అంపైర్‌ని. బంతి విసిరేచోట పాతిన తాడిపత్రి బండ ఎండకు పెనంలా కాలింది. వట్టికాళ్లతో నిలబడ్డ మా సుజాత ఓర్చుకోలేక, బంతి వదలకముందే రెండు కాళ్లూ ఎత్తి ఎగిరింది. బంతి చేతినుంచి వదిలేదాకా కాలు నేలమీదనే ఉండాలన్నది ఆట నియమం. ఆ బంతి చెల్లదని చేయి చాపాను. దానికి శిక్షగా, మూడో బేస్‌లో ఉన్న అవతలి జట్టు పిల్లకు పరుగు వచ్చింది. ఆ ఒక్క పరుగుతో మా ఊరు ఓడింది.

“బండ కాలుతాండాది కదక్కా!” అని సుజాత ఏడ్చింది.

ఇంటికి రాగానే నాయన, “నిన్ను సదివించింది సొంత చెల్లెల్ని ఓడగొట్టేకా?” అన్నాడు.

“అవతలి జట్టులో బంతి విసిరే పిల్ల కూడా ఆ బండమీదనే నిలబడింది నాయనా, వట్టికాళ్లతోనే.”

సుజాత అన్నం తినకుండా పడుకుంది. దానికి నామీద కోపం ఎన్నాళ్లుంటుందో...

రేపు మూడో స్థానానికి ఆట. బండ తీయించి చెక్క వేయిస్తాను. ఆ తర్వాత కూడా ఎగిరితే, మళ్లీ చేయి చాపుతాను.