కొబ్బరినూనె తాగిన బంతి

సెప్టెంబరు 28, ఆదివారం

సెలెక్షన్ డేట్ వచ్చేసింది. అక్టోబరు పదమూడు, సోమవారం, ఉదయం ఆరింటికి. మా సెంటర్‌లోనే. రాష్ట్రం టీముకి ఆరుగురు అమ్మాయిలు కావాలి. పేర్లు ఇచ్చినవాళ్లు ముప్ఫై ఒక్కమంది.

మూడేళ్లుగా అనకాపల్లి నుంచి రైలెక్కి వెళ్లి విశాఖపట్నం మాల్‌లో, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే ఆ బౌలింగ్ సెంటర్ కౌంటర్ వెనక నిలబడుతున్నాను. అందరికీ అద్దె బూట్లు ఇస్తాను. వాళ్లు విప్పేశాక వాటిలో స్ప్రే కొడతాను. ఈ ఒక్కసారి నేను బూట్లు కట్టుకుని ఆ గీత దగ్గర నిలబడాలి. టీములో పేరు రావాలి. అంతే. ఇంకేం అడగను దేవుణ్ణి, ఆరు నెలల దాకా.

నా బంతి పన్నెండు పౌండ్లు. సెకండ్ హ్యాండ్. ఊరు మారిపోయిన ఒక కస్టమరు వదిలేసి వెళ్తే, బంతి దొర్లే లేన్లు చూసుకునే మా మెకానిక్ త్రినాధరావు గారు దాని పాత రంధ్రాలు పూడ్పించి, నా వేళ్ల కొలతకి కొత్తవి వేయించి తెచ్చారు. కాబట్టి ప్రాణంలా చూసుకుంటాను. లేన్ మీద పూసే నూనె బంతికి అంటుకుంటుంది, అందుకే ప్రతి త్రోకీ పొడిగుడ్డతో తుడుపు. ఆట అవగానే, బంతి ఇంకా వెచ్చగా ఉండగానే, మెడికల్ షాపు స్పిరిట్‌లో సగం నీళ్లు కలిపి స్ప్రే చేసి మళ్లీ తుడుపు. కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా. కంపెనీ క్లీనర్ ధర చూస్తే కళ్లు తిరుగుతాయి మరి.

మామ్మ మాత్రం దాన్ని గుండు అంటుంది. ఆడపిల్లవి, గుండు ఇసురుకోడానికి రైలెక్కి ఎల్తన్నావేటే అని రోజూ ఒకసారైనా అనకపోతే ఆవిడకి కాఫీ దిగదు.

అక్టోబరు 1, బుధవారం

వింత జరిగింది. మామ్మ బంతి దగ్గరికి వచ్చి వేలితో పొడిచి చూసి, నీ పనిముట్టు ఇదే కదే, రేపు పూజలో ఎడతాను, ఇంట్లో ఒగ్గీసి ఎల్లు అంది.

పనిముట్టు! గుండు కాదు! నాకు నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. సరే అన్నాను.

అక్టోబరు 2, గురువారం, దసరా

డ్యూటీ నుంచి వచ్చేసరికి నా బంతి ఇత్తడి పళ్లెంలో కొడవలి పక్కన, కత్తిపీట పక్కన కూర్చుని ఉంది. పసుపు, కుంకుమ, చామంతి పువ్వు. ధగధగా మెరుస్తోంది. మసిపట్టినట్టుందే దీని మొకం, అందుకే కొబ్బరినూనెతో బాగా తోమీసేను, పొద్దుటి నుంచి మూడుసార్లు రాసేను, రాసినదల్లా తాగీసినాది అని మామ్మ గర్వంగా చెప్పింది.

పళ్లెంలో ఇంకా నూనె నిలబడి ఉంది. ఈ బంతికి నూనె పడదు. అయినా ఆవిడ మొహం చూసి నవ్వేశాను. తుడిచి బ్యాగులో పెట్టాను. ఒక్కరోజు నూనెకి ఏమవుతుందిలే.

అక్టోబరు 4, శనివారం

అవుతుంది. అంతా అవుతుంది.

పొద్దున్న సెంటర్ తెరవకముందు ప్రాక్టీసు. నా బంతి చివర్లో ఎడమకి తిరిగి పిన్నుల సందులోకి దూరాలి. అది తిరగలేదు. రైలు పట్టాల మీద పోయినట్టు నేరుగా పోయింది. ఇరవై త్రోలు. ఇరవైసార్లూ అదే.

త్రినాధరావు గారు బంతిని వాసన చూశారు. దీనికి సర్మం ఉంటాదమ్మా, మన ఒంటికి ఉన్నట్టే సిన్న సిన్న సిల్లులుంటాయి, లేను మీద పట్టు దొరికేది వాటి వల్లే, అవన్నీ నూనెతో నిండిపోనాయి అన్నారు. అసలు ఆ బంతి మెరవకూడదు. మసకగా ఉండడమే దాని అందం.

ఇంటికొచ్చి మామ్మ మీద అరిచాను. పక్కింటి అరుగు మీద ఉన్న మరిడమ్మ గారు లేచి లోపలికి వెళ్లిపోయేంతగా అరిచాను. నీకు పొయ్యి ఊదడం తప్ప ఏం తెలుసు, ఎందుకు ముట్టుకున్నావు అన్నాను. దేవరాపల్లిలో బెల్లం వండే పెనం కింద నలభై ఏళ్లు మంట వేసి మా నాన్నని పెంచిన మనిషిని ఆ మాట అన్నాను.

ఆవిడ పూజ పళ్లెం తీసుకెళ్లి కడుక్కుంది.

అక్టోబరు 5, ఆదివారం

మామ్మ మాట్లాడడం లేదు. అన్నం మాత్రం వేడిగానే పెడుతోంది.

అక్టోబరు 6, సోమవారం

బంతిలోంచి నూనె లాగే మెషీను హైదరాబాదులో ఉందట. పంపితే తిరిగి రావడానికి రెండు వారాలు. నాకు ఉన్నది ఏడు రోజులు.

ఎదురింటి కన్నబాబు బైకు మెకానిక్. థిన్నర్‌లో ఒక్క ముంచు ముంచి తియ్యి, నూనె ఏటి, రంగు కూడా ఉండదు అన్నాడు. డబ్బా కూడా ఇచ్చాడు. మూత తీశాను. గుడ్డ తడిపాను కూడా. ఎందుకో చెయ్యి ఆగి, త్రినాధరావు గారికి ఫోన్ చేశాను. ఆయన ఫోన్‌లో ఇంచుమించు తిట్టారు. థిన్నరూ పెట్రోలూ సర్మాన్ని తినేత్తాయి, పైగా ఇంట్లో అంటుకుంటే ఇల్లే పోద్ది, నీ సెయ్యీ పోద్ది, డబ్బా ఇచ్చీసి రా ముందు అన్నారు.

ఆయన చెప్పిన మందు వేడి నీళ్లు. రంధ్రాల మీద నీళ్లు దూరని టేపు. బకెట్లో వేడి నీళ్లు, రెండు చుక్కలు గిన్నెల సబ్బు, అందులో బంతి అరగంట. నూనె పైకి తేలుతుంది. తుడవాలి. నీళ్లు మార్చాలి. తేలడం ఆగేదాకా.

కానీ నీళ్లు యాభై, యాభై ఐదు డిగ్రీలు దాటకూడదు. దాటితే బంతి పగులుతుంది. తగ్గితే నూనె కదలదు. ఎండలో పెట్టకూడదు, హెయిర్ డ్రయ్యర్ వద్దు, బంతిని పొయ్యి మీద గిన్నెలో అసలు పెట్టకూడదు.

అక్టోబరు 7, మంగళవారం, సెలవు

ఇది పూర్తిగా రాయాలి.

పొద్దున్న వానకి కరెంటు పోయింది. హీటర్ రాడ్డు పనిచెయ్యదు. పెద్ద డేగిశా గ్యాసు మీద కూర్చోదు. పెరట్లో రేకు కింద కట్టెల పొయ్యి మీద నీళ్లు పెట్టాను. కొలవడానికి మెడికల్ షాపుకి పరుగెత్తి థర్మామీటరు తెచ్చాను. బకెట్లో ముంచితే 'హెచ్' అని ఒక్క అక్షరం చూపించి ఊరుకుంది. అది జ్వరం థర్మామీటరు. నలభై రెండు దాటితే దానికి లెక్క రాదు. బకెట్టుకి జ్వరం వచ్చిందని మాత్రం తెలిసింది. అక్కడే పీట మీద కూర్చుని ఏడ్చాను. ఛీ, ఇరవై నాలుగేళ్ల దాన్ని.

మామ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మూడు రోజుల తర్వాత మొదటి మాట: ఎంత ఏడి కావాల?

యాభై డిగ్రీలన్నాను. డిగ్రీలు నాకెందుకే, సెయ్యి ఎడితే ఎలాగుండాలో సెప్పు అంది. ఫోన్ చేసి అడిగాను. త్రినాధరావు గారు ఆలోచించి, సెయ్యి ముంచి ఉంచగలిగీ ఉంచలేనట్టుండాల, ఒకటి రెండు మూడు అనేసరికి తీసెయ్యాలనిపించాల అన్నారు. అదే మామ్మకి చెప్పాను. మామ్మ తల ఊపింది. సెరుకు రసం మీద మడ్డి లెగక ముందుండే ఏడి అది, ఓలమ్మా దానికింత ఏడుపా అంది.

ఇక చూడాలి ఆవిణ్ణి. తడిసిన కట్టెలు పక్కకి తోసింది, ఎండు కొబ్బరి మట్టలు చీల్చి పెట్టింది. మంట లేపింది, దించింది. మరిగే నీళ్లని బకెట్లో చన్నీళ్లకి చెంబుతో కలిపింది. వేళ్లు ముంచింది. ఇంకో అరచెంబు పోసింది. ఇప్పుడు ఒగ్గు అంది.

బంతిని దించాను. పది నిమిషాలకి దాని ఒంటి మీద చిన్న చిన్న పసుపు బొట్లు. చెమట పట్టినట్టు. కొబ్బరి వాసన పెరడంతా. మామ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఇంత తాగీసినాదా ఇది అంది. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నన్ను క్షమించు అన్నాను. ముందు గుడ్డ అందుకో, నీల్లు సల్లారిపోతన్నాయి అంది.

ఐదు బకెట్లు.

అక్టోబరు 9, గురువారం

సెంటర్‌లో కాఫీ కౌంటర్ కాసులమ్మ గారి దగ్గర పాలు కొలిచే థర్మామీటరు అడిగి తెచ్చాను. ఇంకో రెండు బకెట్లు పెట్టాం. మామ్మ చెయ్యి ముంచి, అయిపోనాది ఒగ్గు అనగానే చాటుగా కొలిచాను. యాభై రెండు. రెండోసారి కూడా యాభై రెండు.

ఆవిడ చూసేసింది. నీ పుల్ల ఏటంటాది అని అడిగింది. నువ్వన్నదే అంటోంది అన్నాను. థర్మామీటరు సంచిలో పెట్టేశాను.

రెండో బకెట్టులో ఒక్క బొట్టు కూడా తేలలేదు. టేపు ఊడదీసి నీడలో ఆరబెట్టాం. బంతి మళ్లీ మసిమొహం. ఎంత బాగుందో.

అక్టోబరు 11, శనివారం

తిరిగింది! తిరిగింది, తిరిగింది, తిరిగింది.

అక్టోబరు 13, సోమవారం, తెల్లవారుజాము 4.10

నిద్ర లేదు. మామ్మ తన పాత నేత చీర చింపి నాలుగు తుడుపుగుడ్డలు చేసింది. బొట్టు బంతికి కాదు, బ్యాగుకి పెట్టింది. ఆట మధ్యలో స్ప్రే వాడనివ్వరు, పొడిగుడ్డ ఒక్కటే. ఆటో వచ్చింది.

అదే రోజు, తిరుగు రైల్లో

ఐదు గేములు. మూడో గేములో బంతి జారడం మొదలుపెట్టింది. పక్క లేన్ అమ్మాయి దగ్గర మూడు బంతులున్నాయి, మార్చుకుంటోంది. నాకు ఒకటే. పెరట్లో బకెట్టు ముందు పీట మీద కూర్చున్నట్టే కూర్చుని ప్రతి త్రోకీ ముందు ఆ చీరగుడ్డతో ఒత్తి ఒత్తి తుడిచాను, లేన్ నూనె గుడ్డకి అంటేదాకా. నాలుగో గేములో మళ్లీ పట్టు దొరికింది. ఐదోది నా జీవితంలో బెస్ట్.

జడ్జి ఒకాయన బంతి చూసి, ఈ అక్షరాల్లో పసుపేమిటి అని అడిగారు. ఎంత కడిగినా కంపెనీ పేరు సందుల్లో కొంచెం ఉండిపోయింది. ఇంట్లో పెట్టారండీ అన్నాను.

లిస్టు రేపు.

అక్టోబరు 14, మంగళవారం

ఐదో పేరు. పావని, అనకాపల్లి.

మామ్మకి చదివి వినిపించాను. ఊరి పేరు కూడా ఏసేరా అని మళ్లీ చదివించుకుంది. ఆపైన మరిడమ్మ గారి అరుగు మీదికి వెళ్లి, మా గుంట పావని బంతాటలో నెగ్గినాది అని చెప్పింది. గుండు అనలేదు.

అక్టోబరు 15, బుధవారం

ఐదు గేములకి బొటనవేలు బాగా వాచింది. మామ్మ కొబ్బరినూనె గిన్నెతో వచ్చి, రెండడుగుల దూరంలో ఆగి, దీనికి రాయొచ్చా, లేపోతే ఇదీ తాగీసి పాడైపోద్దా అని అడిగింది.

చెయ్యి చాపాను.