డిస్కులో చోటు కోసం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. దేవుడి దయవల్ల అని మాత్రం రాయను. నీ ఊపిరితిత్తుల్లోకి రాతిపొడి పోతుంటే చూస్తూ కూర్చున్నవాడి దయ మనకెందుకు? ఫోనులో దగ్గు నిన్ను మాట్లాడనివ్వదు, ఉత్తరాలే నయం.

అడిగినవాటికి జవాబులు. నీ కూతురు లెక్కల పరీక్ష గట్టెక్కింది. మరదలు కుట్టుమిషను తనే విప్పి బాగుచేసుకుంది. సాయం వస్తానంటే, "మీరొస్తే ఉపన్యాసం నడుస్తుంది వదినా, మిషను నడవదు" అంది. ఆసుపత్రివాళ్ళు కిటికీ తెరవనివ్వడం లేదన్నావు. మిల్లుకు కిటికీలు పెట్టమని పదేళ్ళు మొత్తుకుంటే విన్న నాథుడు లేడు. ఇప్పుడు నీకు గాలి తగిలితే ప్రమాదమట.

ఇక దుమ్ము రీడింగులు కోర్టుకిచ్చారా అని అడిగావు. ఇందాకటినుంచీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాను.

నాలుగేళ్ళు నువ్వు రోజూ మిల్లులో మీటరు చూసి, చీటీమీద రాసుకొచ్చి, యూనియన్ కంప్యూటర్లో ఎక్కించావు. ఎక్కాయిగా, చీటీలెందుకు, చింపెయ్యమన్నది నేనే. ఆ కంప్యూటర్ చచ్చాక దాంట్లోవన్నీ కొత్తదానిలో బ్యాకప్‌గా దాచారు. అవి చూపిస్తేనే నిన్ను గ్రైండింగు నుంచి దుమ్ములేని పనికి మార్చమని కోర్టు చెప్పేది.

అవి లేవు. యాజమాన్యమే తుడిపించిందని కరపత్రం వేశాను. గేటు ముందు అరగంట ఉతికి ఆరేశాను. కంప్యూటర్ మెకానిక్కునూ వదల్లేదు.

"ఎంతకు అమ్ముడుపోయావయ్యా?"

అతను కోప్పడలేదు. "తీసేసింది మీ పాస్‌వర్డుతోనే మేడమ్. తారీఖు చూడండి."

చూశాను. యూనియన్ మహాసభ మర్నాడు. నా ఉపన్యాసం వీడియో ఎక్కించబోతే డిస్కు నిండిపోయిందంది కంప్యూటర్. తీసేయదగ్గవాటిలో 'పాత సిస్టం బ్యాకప్‌లు' అని చూపించింది. పాతవేగా, నకళ్ళేగా అనుకుని టిక్కు పెట్టి తీసేశాను. అసలెప్పుడో పోయిందనీ, మిగిలింది ఆ నకలొక్కటేననీ తోచలేదు.

"మళ్ళీ తీయలేవా బాబూ?"

"చోటు ఖాళీగా ఉంటే తీసేవాణ్ణి. మీ వీడియో సరిగ్గా దాని నెత్తిమీదే కూర్చుంది."

అందులో నేను మాట్లాడిందేమిటో తెలుసా? కార్మికుల ఆరోగ్యం గురించి.

"కుట్ర అనే చెప్పండి, ఎవరు కాదంటారు?" అంటాడు మన లాయరు. నిజమే, ఇంతకంటే నీచాలు చేశారు వాళ్ళు. కానీ చేయనిదాన్ని వాళ్ళకు అంటగడితే, చేసినవాటిని రేపెవడు నమ్ముతాడు? సోమవారం వాయిదాలో నేనే తీసేశానని చెబుతాను. దాంతో కేసు నిలవదట.

కోర్టు నుంచి కాక నా నుంచే నీకు తెలియాలని రాస్తున్నాను. క్షమించమని అడగను, అడిగితే నువ్వు క్షమిస్తావు, అది భరించడం నావల్ల కాదు. ఆసుపత్రి నుంచి వచ్చాక మళ్ళీ ఆ గ్రైండింగులోకి వెళ్ళొద్దని రాసి, కొట్టేశాను. వెళ్ళక ఏం చెయ్యమంటావక్కా అంటావు.

ఇట్లు,
నీ నాలుగేళ్ళ పని పోగొట్టిన
అక్క