ఆయన వేళ్ళకు తెలిసిన చీర

మంగళవారం రాత్రి

కొత్త కళ్ళద్దాలు పెట్టించినా మా ఆయన తడుముకుంటూనే ఉన్నారు. తప్పు కళ్ళది కాదని ఈరోజు నరాల డాక్టరు తేల్చింది. చూసినదాన్ని గుర్తుపట్టే మెదడు భాగం క్షీణిస్తోందట. అల్జీమర్స్ జబ్బే కొందరిలో జ్ఞాపకాన్ని వదిలి ముందు చూపును పట్టుకుంటుందట.

ఇంటికొచ్చాక, కుర్చీ మీద వేసిన నా పట్టుచీరను చూసి నేననుకుని, "కాఫీ తాగినావా?" అన్నారు.

"నేను ఈడుండాను" అన్నాను వెనకనుంచి.

సిగ్గుపడి చీరను తడిమారు. అంచు దగ్గర వేళ్ళు ఆగాయి. "దొడ్డబళ్ళాపురంలో మన మగ్గం మీద నేసింది ఇది. ఈడ ఒక పోగు తప్పింది. నువ్వొచ్చి నవ్వితివి కదా, అందుకే."

పెళ్ళయిన కొత్తలో మాట! నాకే గుర్తులేదు.

ఆ వేళ్ళూ మరిచిపోయే రోజొస్తే...

రేపటినుంచి వంటింట్లోనూ ఆయన నేసిన పట్టుచీరలే కడతాను. నవ్వేవాళ్ళు నవ్వనీ. చేయి చాపితే నేను దొరకాలి.