చెవికి కట్టిన చీర పేలిక

చింతామణి, 1941 ఫాల్గుణం, శుక్రవారం రాత్రి

ఈ పూట మా హమాలీ మునియప్ప నడుము విరగకుండా ఉందంటే అది బట్లహళ్ళి వెంకటమ్మ పుణ్యమే.

మా మండీకి వచ్చే మూటలన్నీ చూడడానికి ఒకేలా ఉంటాయి. గింజ తీసి దట్టించిన చింతపండు మూట మాత్రం ఇద్దరు ఎత్తాల్సిన బరువు. అలాంటి మూటకు కావి గుర్తు పెట్టి పంపమని రైతులందరికీ నేనే చెప్పాను. ఏదో గొప్ప పని చేశాననుకున్నాను. కానీ మోసేవాడు బండికి వీపు పెట్టి నిలబడి, చేతులు తల వెనక్కి చాచి మూట పైమూలల్లో ఉండే చెవులు పట్టుకుంటాడు. గుర్తు అతనికెలా కనిపిస్తుంది?

ఈరోజు వెంకటమ్మ బండి వచ్చింది. మునియప్ప ఎప్పటిలాగే చెవులు పట్టి, లాగబోయి ఆగిపోయాడు.

"చెవికి ఏందో గుడ్డ కట్టిండారే!"

"బరువు మూటప్పా అది!" అని బండి పక్కనుంచి వెంకటమ్మ అరిచింది. "నీకు ఈపున కండ్లు లేవు గదా. చేతికి తగలాలని నా పాత చీర చించి కట్టినా. ఇంగొకర్ని పిలుచుకో."

ఇంకో హమాలీ రామన్న వచ్చి చెయ్యి వేశాడు. మూట నెమ్మదిగా దిగింది.

నా కావి గుర్తును కాదన్నందుకు కాస్త రోషం వచ్చిన మాట నిజమే. అయినా ఆమెకు దండం పెట్టాను.

"నా కొడుకు గూడా గౌరిబిదనూరులో మూటలు మోసేవాడే గదప్పా," అంది.

రేపు వచ్చే మిగతా ఊళ్ళ బండ్లలోని మూటలకు ఈ గుడ్డలుండవు. అదొక్కటే గుబులు...

పొద్దుగూకే వేళ మునియప్ప తన చిన్నకూతురిని భుజాన ఎక్కించుకొని ఇంటికి పోయాడు. ఆ పిల్ల చేతిలో చీర పేలిక ఊగుతూ ఉంది.