అగ్గిపెట్టెలో పురుగు

అమ్మా,

ఇవాళ నీ సంవత్సరీకం. పక్కింటి గంగమ్మత్త వచ్చింది. కోపం తెచ్చుకోకు, నేనే పిలిచాను.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మన పట్టుపురుగులు, మిరియాల పొడి చల్లినట్టు ఒళ్లంతా మచ్చలు తేలి, చిన్నగా ఉండగానే చచ్చిపోయాయి. అప్పటికే అత్త వాళ్ల షెడ్డులో ఆ జబ్బుంది. ఆమె కాళ్లు కడుక్కోకుండా మన షెడ్డులోకి వచ్చింది. "దాని కాళ్లే మన కొంప ముంచినాయి" అన్నావు. నువ్వు పోయేదాకా ఆమెతో మాట్లాడలేదు.

ఆ పురుగుల్లో ఒకదాన్ని నేను అగ్గిపెట్టెలో దాచాను. పురుగులు జబ్బుల్ని ఎలా తట్టుకుంటాయో తెలుసుకోవడమే ఇప్పుడు నా ఉద్యోగం కదా. మొన్న అనంతపురం ల్యాబులో దాన్ని నూరి మైక్రోస్కోపు కింద చూశాను. అది గుడ్లు పెట్టే తల్లి సీతాకోకచిలుక నుంచి గుడ్లలోకి దిగే జబ్బు. అంత చిన్నప్పుడే చచ్చాయంటే గుడ్లతోనే వచ్చింది. వాళ్లవీ మనవీ ఒకచోట కొన్న గుడ్లే.

కాలేజీలో ఈ పాఠం చెప్పిన రోజే నాకు అనుమానం వచ్చింది. నీ నోటికి భయపడి చెప్పలేదు.

ఇవాళ వాకిట్లోనే అత్తకు చెప్పాను. ఆమె తన కాళ్ల వైపు చూసుకుంది.

"మీయమ్మ చెప్పిందే నిజమనుకున్యా పాపా. ఆ పొద్దునుంచీ ఎవురి షెడ్డులోనూ కాలు పెట్టలే" అనింది.

"నువ్వు తెచ్చింది కాదత్తా. లోపలికి రా" అన్నాను.

మనం పురుగులు పెంచడం మానేసి ఎన్నేళ్లయిందో ఆమెకూ తెలుసు. అయినా తొట్టి దగ్గరికి పోయి, రెండు కాళ్లూ మడమల దాకా రుద్ది కడుక్కుని, నీ ఫోటో దగ్గరికి వచ్చింది.