గోడ ఇవతల పడ్డ బంతి

కనకమామిడి,
18-8-2001.

చి. ల. సౌ. మమతకు బావ ఆశీస్సులు.

ఇక్కడ నేను, అవ్వ, ఈనిన బర్రె అందరం బాగున్నాం. నువ్వు బాగున్నావా అని మాత్రం అడగను. మరీ బాగున్నావని నీ ఉత్తరమే చెబుతోంది. ఫోన్ చేయొచ్చు కదా అన్నావు. మొయినాబాద్ ఎస్టీడీ బూత్‌లో వెనక నలుగురు నిలబడి వింటుంటే ఇవన్నీ ఎట్లా మాట్లాడేది?

బెంగళూరు కంపెనీ వాళ్లు శిక్షణ అయ్యాక ఇంకో ఏడాది ఉండమంటున్నారు, ఉండనా అని అడిగావు. దానికి జవాబు చివర్లో రాస్తాను. ముందు మిగతావి.

నీ ఉత్తరం అవ్వకు చదివి వినిపించాను. సాయంత్రాలు మీరంతా త్రోబాల్ ఆడుతున్నారన్నది చదివాను. సాలోమోను అనే అతను బంతి పట్టబోయి బురదలో కూలబడితే నువ్వు నవ్వలేక కడుపు పట్టుకున్నావన్నది మాత్రం చదవలేదు. అవ్వ ఏమనుకుంటుందోనని కాదు, నాకే చదవబుద్ధి కాలేదు. నువ్వు నాకు మేనత్త కూతురివి, పుట్టినప్పటి నుంచి ఎరుగుదును. నా మూలంగా నువ్వు అట్లా నవ్వింది ఎప్పుడో చెప్పు. అతను మంచివాడే అయ్యుంటాడు. అయినా నాకు అతనంటే కుళ్లు.

సాయంత్రాలు నేనేం చేస్తున్నానని అడిగావు. టమాటాలు చేవెళ్ల మార్కెట్‌లో దింపి వచ్చాక అష్టాచెమ్మ ఆడుతున్నాను. వాకిట్లో షాబాద్ బండ మీద సుద్దతో గళ్లు గీసుకుని, ఒక్కడినే. మన పక్కింటి తిరుపతిని పిలిస్తే, "చిన్నపోరల ఆట నాకెందుకురా, ప్లాట్ల బేరమేమన్న ఉంటె చెప్పు" అని బండెక్కి పోయాడు. అందుకని నీ గవ్వలు కూడా నేనే వేస్తున్నాను. నా కాయలు చింతగింజలు, నీవి గాజుముక్కలు.

ఎదుటి కాయను ఒక్కదాన్నయినా చంపనిదే లోపలి గళ్లలోకి పోరాదు కదా. నీ కాయను చంపడానికి నాకు చేయి రాదు. నీ వంతులో నా కాయను చంపుదామంటే, ఆ దెబ్బ నువ్వు కొట్టింది కాదాయె. రెండు వైపుల కాయలూ బయటి గళ్లలోనే తిరుగుతుంటాయి. ఆట తెగదు. అవ్వ చూసి చూసి, "రెండు దిక్కుల నువ్వే ఆడితే ఎవలు గెలుస్తర్రా? లేచి బువ్వ తిను" అన్నది.

ఇక అసలు సంగతి. పోయిన ఆదివారం నేను బెంగళూరు వచ్చాను మమతా. విత్తనాల కోసం సిటీకి పోతున్నానని అవ్వతో అబద్ధమాడి కాచిగూడలో రైలెక్కాను. మీ హాస్టల్ వెనక గోడ దగ్గరికి రాగానే నీ గొంతు వినబడింది. మునివేళ్ల మీద నిలబడి చూశాను. చున్నీ నడుముకు చుట్టుకుని, జుట్టంతా రేగిపోయి, ఎగురుతున్నావు. గేటు దాకా పోవడానికి కాళ్లు రాలేదు. నేను కనబడితే నువ్వు ఆట ఆపి, చున్నీ సర్దుకుని, "మా ఆయన" అని అందరికీ చెప్పి నన్ను కుర్చీలో కూర్చోబెడతావు. వాళ్లకు దొరికే మమత నాకు దొరకదు. ఆ గోడ దగ్గర నాకు ఏడుపొచ్చింది.

అంతలో బంతి గోడ దాటి వచ్చి నా కాళ్ల దగ్గర పడింది. తీసి లోపలికి విసిరాను. "థాంక్స్ అన్నా" అని అటు నుంచి ఎవరో కేకేశారు. ఎవరో ఏమిటి, నువ్వే. ఆ రాత్రి రైలుకే తిరిగొచ్చాను.

నువ్వడిగినదానికి అవ్వ వద్దంటోంది. నేనూ వద్దనే రాసి ఆ కాగితం పొయ్యిలో వేశాను. ఉండు. కానీ వచ్చే నెల నేను గేటులోంచే వస్తాను. కుర్చీ వేయకు. సాలోమోనుకు ఎదురు జట్టులో నన్ను నిలబెట్టు. నాకు ఆ ఆట రాదు, ఓడిపోతాను, పర్వాలేదు. అన్న అన్నావు చూడు, ఆ నోటితోనే అందరూ వినేటట్టు "బావా, పట్టు" అని ఒక్క కేకెయ్యి.

ఇట్లు,
నీ బావ
యాదగిరి