సగం బంతుల మీద స్పీకర్లు

ఏమండీ,

మీ సంవత్సరీకం అయ్యాక, మీరు సగంలో వదిలేసిన స్పీకర్ స్టాండ్లు నేనే పూర్తిచేశాను. బదిలీ మీద ఈ వసంత్ కుంజ్ ఫ్లాట్‌కి వచ్చినప్పుడు సామాను తెచ్చిన చెక్కపెట్టెలు విప్పి మీరు చేసినవే. బరువుంటే చాలనుకుని మీరు ఇసుక నింపారు. నేను రబ్బరు బంతులు సగానికి కోసి అడుగున పెట్టాను.

ఇవాళ మీ క్యాసెట్ వేస్తే, పాట ఎత్తుకునే ముందు గాయని తీసుకున్న ఊపిరి కూడా వినిపించింది.

అంతలో కింది ఫ్లాట్ పంజాబీ ఆవిడ తలుపు కొట్టింది.

“భాభీజీ, యే క్యా జాదూ హై?”

ఇదేం మాయ అని అడిగింది; కిటికీలోంచి పాట వినపడుతున్నా తన పైకప్పు అదరడం లేదట.

అన్నేళ్లూ ఆ అదురు గురించే గుమ్మంలో నిలబడి మీతో పోట్లాడిన మనిషి, చెప్పులు విప్పి లోపలికొచ్చి మీ కుర్చీలో కూర్చుంది. ఒక వైపు అయిపోయాక, క్యాసెట్ రెండో వైపు తిప్పమంది.